రెండు దేనారములు: డాక్టరు ఐడా స్కడ్డరు గారి జీవితము

చదువవలసిన వాక్యభాగములు: లూకా 10:25-37, మార్కు 5:25-34

మన పానగల్ చుట్టుపట్ల పల్లెలలో ఒక ఇంట పెద్ద జబ్బు ప్రవేశించినయెడల ముందుగా గొర్రెలు పోవును, తరువాత కాడి యెద్దులు పోవును, కడపట బావి క్రింది చెలక పోవును. రోగి బ్రదికినను ఇల్లు లేవదు. ఇట్టి సంగతి సువార్తలో లేదని తలంచువారు మార్కు అయిదవ అధ్యాయము మరల చదువవలెను. పండ్రెండేండ్లు రక్తస్రావముతో బాధపడిన ఆ స్త్రీ పేరేమో మార్కు చెప్పలేదు గాని, ఆమె తనకు కలిగినదంతయు వైద్యులకు పోసి, బాగుపడుటకు బదులు మరింత క్షీణించెనని మాత్రము మరువక వ్రాసెను. వైద్యుడైన లూకా అదే సంగతి వ్రాయుచు తన తోటి వైద్యుల విషయమున కొంచెము మెత్తగా మాటలాడెను. అది మనుష్య స్వభావమే.

మంచి సమరయుని కథలో యాజకుని గూర్చియు లేవీయుని గూర్చియు మనము చాల ప్రసంగములు వింటిమి. పూటకూళ్లవాని గూర్చి విన్నవారు తక్కువ. గాయపడినవానిని అతని యింట దింపి, రెండు దేనారములు చేతికిచ్చి, మిగిలిన ఖర్చు తాను తిరిగి వచ్చునప్పుడు తీర్చెదనని సమరయుడు చెప్పి పోయెను. ఆ రెండు దేనారములు కూలివాని రెండు దినముల కూలి. తరువాతి దినములలో రోగికి గంజి ఎవరు కాచిరి? గుడ్డలు ఎవరు మార్చిరి? దేనారములు అయిపోయిన పిమ్మట పూటకూళ్లవాడు ఏమి చేసెను? ప్రభువు ఆ సంగతి చెప్పక విడిచెను. లాభము కోరక నడచు ప్రతి వైద్యశాలయు ఆ పూటకూళ్లవాని స్థానములోనే ఉన్నదని మాకు తోచుచున్నది. రోగిని పంపువాడు దేవుడు, చేతిలో ఉన్నది రెండు దేనారములు, మిగిలినది వాగ్దానము. ఆ స్థానములో 46 ఏండ్లు నిలిచిన ఒక స్త్రీ జీవితమును ఈ నెల మన సంఘస్థుల యెదుట ఉంచుచున్నాము.

ఐడా స్కడ్డరు గారు 1870 డిసెంబరు 9వ తేదీన రాణిపేటలో జన్మించిరి. ఆ కాలమున రాణిపేట, వేలూరు, గుడియాత్తము, చిత్తూరు అన్నియు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనివే, జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరు. 1911లో చిత్తూరు వేరు జిల్లా అయ్యెను గాని, ఆ ప్రాంతమున తెలుగువారును అరవవారును కలిసియే యుండిరి, నేటికిని ఉన్నారు. ఆమె తాతగారైన జాన్ స్కడ్డరు గారు 1819లో అమెరికా నుండి బయలుదేరి మొదట సింహళమునకును పిమ్మట చెన్నపట్నమునకును వచ్చిన వైద్య మిషనెరీ. ఆయన కుమారులును మిషనెరీలైరి. ఇట్టి వంశములో పుట్టిన పిల్ల తాను కూడ మిషనెరీ కావలెనని కోరియుండునని మనము తలంతుము. ఆమె కోరలేదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును కాల్చిన ఆ మహా కరవులో, లేచి నిలువలేని పిల్లల నోళ్లలో రొట్టె ముక్కలు పెట్టవలసిన పని ఆ చిన్నపిల్లకు పడెను. ఆ జ్ఞాపకము ఆమెను ఇండియా నుండి పారద్రోలెనే గాని దగ్గరకు పిలువలేదు. అమెరికాలో చదువుకొని, అక్కడనే సుఖముగా స్థిరపడవలెనని ఆమె తలంపు.

తల్లి జబ్బు చేసినందున 1890లో ఆమె టిండివనమునకు వచ్చిరి. అక్కడ ఒకే రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత ఒకరు, ప్రసవవేదన పడుచున్న తమ భార్యల కొరకు వచ్చి ఆమెను పిలిచిరి. ఆమెకు వైద్యము తెలియదు. వైద్యుడైన తండ్రిని తీసికొని పొమ్మనగా, పరపురుషుడు మా స్త్రీలను చూడరాదని వారు మరలిపోయిరి. ఉదయమునకు ముగ్గురు స్త్రీలును మరణించిరి. ఈ కథ మన ఆదివారపు బడి పిల్లలకు కూడ తెలిసినదే గనుక మేము దీనిని విస్తరించి చెప్పము. ఆ రాత్రి ఆమెకు పిలుపు అందెనని అందరును చెప్పుదురు, అది నిజము. అయితే పిలుపు అందిన పిమ్మట ఆమె వెంటనే సంచి తగిలించుకొని పల్లెలకు పోలేదు. అమెరికాకు తిరిగి పోయి, నాలుగేండ్లు వైద్యము చదివి, స్త్రీలను అప్పుడే చేర్చుకొనిన కార్నెల్ వైద్యకళాశాలలో 1899లో పట్టము పుచ్చుకొనిరి. ముగ్గురు చనిపోయినది ప్రేమ లేకపోవుటవలన కాదు, విద్య లేకపోవుటవలన అని ఆమె గ్రహించిరి. ఇది గుర్తుంచుకొనదగినది, ఏలయనగా ఆమె జీవితములో తరువాత వచ్చిన పెద్ద కలహమునకు బీజము ఇక్కడనే యున్నది.

బయలుదేరకముందు స్త్రీల వైద్యశాల కొరకు చందా పోగు చేయుమని ఆమెకు ఆజ్ఞ వచ్చెను. రాబర్ట్ షెల్ అను న్యూయార్కు ధనవంతుడు, గతించిన తన భార్య జ్ఞాపకార్థముగా 10,000 డాలర్లు ఇచ్చెను. 1900 జనవరిలో ఐడా గారు వేలూరు చేరిరి. తండ్రి ప్రక్కను నిలిచి పని నేర్చుకొనవలెనని ఆశించిరి గాని, ఆ సంవత్సరము మే నెలలోనే తండ్రి కన్నుమూసెను. వయస్సు తక్కువ, పైగా స్త్రీ. మొదట రోగులు ఆమెను నమ్మలేదు. ఇంటిలోని ఒక చిన్న గదిలో వైద్యము ప్రారంభించిరి. వంటవాని భార్యయైన సలోమియే ఆమెకు మొదటి నర్సు. రెండేండ్లలో 5,000 మంది రోగులు ఆ గదికి వచ్చిరి. 1902లో 40 పడకల మేరీ టేబర్ షెల్ వైద్యశాల తెరువబడెను.

ఇక్కడ ఒక మాట. గోడలు కట్టుటకు దాత దొరకును, గోడమీద ఆయన పేరు చెక్కవచ్చును. దీపములో నూనెకు, రోగి పడకమీది దుప్పటికి, దాది జీతమునకు దాత దొరకుట కష్టము. మన గుడుల విషయమున కూడ అంతే గదా. గుడి కట్టునప్పుడు ఊరంతయు రాళ్లు మోసెను, పైకప్పు కారుచున్నప్పుడు కమిటీవారు ఒకరి ముఖము ఒకరు చూచుకొందురు. వైద్యశాల తెరచిన దినము నుండియే ఖర్చు మొదలగును, అది ఎన్నటికిని ముగియదు. ఆ కాలపు మిషన్ ఆసుపత్రులలో కలవారి యొద్ద కొంత పుచ్చుకొనుట, లేనివారికి ఉచితముగా చేయుట వాడుక. అయితే లేనివారు ఎంతమంది, కలవారు ఎంతమంది? కరవుల దేశములో ఆ లెక్క ఎన్నడును సరిపోదు.

ఖర్చు తగ్గించుటకు రెండు మార్గములు కలవు. ఒకటి, బీదవానికి తక్కువ మందు, తక్కువ చదివిన వైద్యుడు, తక్కువ శ్రద్ధ. ఇది సులువైన మార్గము. దానిని చాలమంది ధర్మమనియే పిలుతురు. రెండవది, చిన్న పనిని చిన్న ఖర్చుతో చేయుట, పెద్ద పనిలో తగ్గింపక చేయుట. డాక్టరమ్మ గారు రెండవ మార్గము పట్టిరి.

చిన్న పని ఎట్లు చేసిరో చూడుడి. ప్రతి జ్వరమునకు, ప్రతి పుండుకు, ప్రతి కంటి కలకకు పల్లెవాడు వేలూరు వరకు రానక్కరలేదని, ఆమెయే బయలుదేరి గుడియాత్తము త్రోవలో పోవుచుండిరి. మొదట ఎద్దుల బండి. 1909లో పెజో అను ఫ్రెంచి కంపెనీవారి చిన్న మోటారు బండి వచ్చెను. దానిని చూచి జనులు పొలములలోనికి పారిపోయిరట. వారమునకు ఒక దినము ఆ బండి బయలుదేరును. దారిలో ఏ చెట్టు క్రింద ఆగునో పల్లెలకు తెలుసు గనుక వారు ముందుగానే వచ్చి కూర్చుందురు. పుండ్లు కడుగుట, పండ్లు పీకుట, మందు పోయుట, కుష్ఠు రోగులను చూచుట అన్నియు అక్కడనే. చెట్టు నీడకు అద్దె లేదు. పెట్టెలో మందు, ఒక డాక్టరు, ఇద్దరు సహాయకులు చాలును. అక్కడ తేలని రోగిని మాత్రము వేలూరుకు పంపుదురు. వంద మంది వంద దినముల కూలి పోగొట్టుకొని పట్టణమునకు నడుచుటకు బదులు ఒక బండి నడచెను. మన పల్లెలలో వైద్యమునకగు ఖర్చులో మందు వెల ఎంత, దారి ఖర్చు ఎంత, పోయిన కూలి ఎంత అని లెక్క చూచినవారికి ఆమె తెలివి అర్థమగును.

అదే 1909లో డీలియా హౌటన్ అను నర్సుగారి సహాయముతో నర్సుల పాఠశాల తెరచిరి. సముద్రము దాటి వచ్చు ఒక నర్సు ఖర్చుతో ఈ దేశపు పిల్లలు ఎంతమందికో తర్ఫీదు ఇయ్యవచ్చును. ఇది ఖర్చు తగ్గించుట. అయితే తర్ఫీదును మాత్రము ఆమె తగ్గింపలేదు.

తరువాత ఈ దేశపు స్త్రీలను వైద్యులుగా చేయవలెనను తలంపు వచ్చెను. మద్రాసు ప్రభుత్వపు వైద్యాధికారి నవ్వెను. ఆరుగురు పిల్లలు దరఖాస్తు పెట్టినను చాలును, ప్రారంభించుకొనుడనెను. అరవైకి పైగా దరఖాస్తులు వచ్చెను. 1918 ఆగస్టు 12వ తేదీన గవర్నరు పెంట్లాండు ప్రభువు గారు పాఠశాలను తెరచిరి. అద్దె ఇండ్లు, కొద్దిపాటి పుస్తకములు, ఒక సూక్ష్మదర్శిని, ఒక అస్థిపంజరము. వీటితోనే పాఠములు మొదలయ్యెను. నాలుగేండ్ల పిమ్మట 14 మంది పిల్లలు ప్రభుత్వ పరీక్షకు కూర్చుండి, 14 మందియు ఉత్తీర్ణులైరి. ఆ యేడు మగపిల్లలలో ఎక్కువమంది తప్పిరి. గెర్ట్రూడ్ డాడ్ అను న్యూయార్కు స్త్రీ తన స్వంత సొమ్ముతోనే బ్రదుకుచు వేలూరులో ఉండి, లెక్కలు చూచుచు, ఎందరో పిల్లల చదువునకు సహాయము చేసిరి. లెక్కలు వ్రాసినవారి పేరు ఏ శిలాఫలకముమీదను ఉండదు గనుక ఇక్కడ చెప్పుచున్నాము.

1920 తరువాత అమెరికాలో లూసీ పీబాడీ గారు ఇండియా, చీనా, జపాను దేశములలోని స్త్రీల కళాశాలల కొరకు గొప్ప ప్రయత్నము చేసి, చర్చి స్త్రీల యొద్ద 20 లక్షల డాలర్లు పోగు చేసిరి. రాక్‌ఫెల్లరు నిధి మరి 10 లక్షలు కలిపెను. అందులో వేలూరు పాలు వేలూరుకు వచ్చెను. పట్టణములో పెద్ద వైద్యశాల లేచెను. 1932లో బాగాయములో కళాశాలకు స్వంత భవనములు అమరెను. ఇప్పుడు అంతయు స్థిరపడెనని అందరును తలంచిరి. ఐడా గారికి అప్పటికి అరవై దాటెను.

అప్పుడు దెబ్బ తగిలెను. 1938లో మద్రాసు ప్రభుత్వము ఎల్.ఎమ్.పి. అను చిన్న పట్టమును నిలిపివేయ నిశ్చయించెను. ఇకమీదట వైద్యుడు కావలెనన్న విశ్వవిద్యాలయపు ఎమ్.బి.బి.ఎస్. చదువవలెను. వేలూరు పాఠశాల ఇచ్చుచున్నది చిన్న పట్టమే. కళాశాలగా మారవలెనన్న 500 పడకల వైద్యశాల కావలెను, ప్రతి విషయమునకు పెద్ద చదువు చదివిన ఆచార్యులు కావలెను, ప్రయోగశాలలు కావలెను. అంతటి సొమ్ము ఏ ఒక్క మిషన్ చేతను లేదు. యుద్ధము సమీపించుచుండెను, విదేశపు చందాలు సన్నగిల్లుచుండెను.

ఆ సమయమున ఏమి చేయవచ్చునో మనము నిదానముగా ఆలోచింతము. పాఠశాలను మూసివేసి వైద్యశాలను మాత్రము నడుపుకొనవచ్చును. ఖర్చు తగ్గును, ఎవరును తప్పు పట్టరు. ఆ ప్రభుత్వ నిర్ణయమును దురుద్దేశమని నిందించి ఊరకుండవచ్చును. నిజమునకు ప్రభుత్వము అడిగినది అన్యాయము కాదు. ఈ దేశపు బీదలకు సగము చదివిన వైద్యులు చాలుదురనుట వారికి సమ్మతము కాలేదు. ముప్పది యేండ్లకు పైగా ఐడా గారు తమ చేతులతో చెప్పుచు వచ్చినదియు అదే గదా. ఇప్పుడు అది బిల్లు రూపమున ఆమె బల్లమీదికి వచ్చెను. బీదలకు మంచి వైద్యము కావలెనని చెప్పుట సుళువు. ఆ మంచికి వెల ఎంత అని ఒకరు అడిగినప్పుడు మనము ఏ వైపు చూతుము?

గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని ప్రభువు లూకా 14వ అధ్యాయములో చెప్పెను. ఐడా గారు లెక్క చూచుకొనిరి, సొమ్ము చాలదని తెలిసికొనిరి, మూయమనిరి. 1941లో, 70 యేండ్లు నిండిన వయస్సున, యుద్ధపు సముద్రము దాటి అమెరికాకు పోయి, నాలుగేండ్ల పాటు ఊరూర చర్చీలలో నిలిచి యాచించిరి. ముసలి వయస్సున చేయి చాపుట ఎంత బరువో, మన సంఘములలో చందా పుస్తకము పట్టుకొని తిరిగిన పెద్దలకు తెలియును.

ఆ కాలముననే మరియొక ముల్లు గుచ్చుకొనెను. ఇండియాలోని ప్రొటెస్టంటు మిషన్లు అనేకము కలిసి ఒకే క్రైస్తవ వైద్యకళాశాలను పోషింపగోరెను. అయితే అందులో పురుషులును చదువవలెను. అందరును కలిసినగాని ఖర్చు మోయుట అసాధ్యము. స్త్రీల కొరకే పోగు చేసిన సొమ్ముతో కట్టినది పురుషులకు తెరచుట నమ్మకద్రోహమని లూసీ పీబాడీ గారు తీవ్రముగా ఎదిరించిరి. ఆమెను తప్పు పట్టజాలము. చర్చి స్త్రీలు నాణెము నాణెము కూర్చి ఇచ్చినది స్త్రీల కొరకేనని ఆమె దాతలకు మాట యిచ్చియుండిరి. ఐడా గారును మొదట స్త్రీల పక్షముననే యుండిరి, టిండివనపు రాత్రిని ఆమె ఎట్లు మరచును? చివరకు, కళాశాల మూతపడి ఎవరికిని వైద్యులు దొరకకుండుట కంటె, స్త్రీలును పురుషులును కలిసి చదువుట మేలని ఒప్పుకొనిరి. ఏండ్ల తరబడి చేయూతనిచ్చిన స్నేహితురాలు దూరమైరి. కళాశాల బ్రదికెను. ఈ రెండును ఒకే నిర్ణయమునకు ఫలములు. ఆమె చేసినది సరియైనదని మేము తలంచుచున్నాము గాని, పీబాడీ గారి మనోవ్యథను తేలికగా చెప్పుట మాకు ఇష్టము లేదు.

1942లో స్త్రీలకు ఎమ్.బి.బి.ఎస్. తరగతి ప్రారంభమయ్యెను. ఐడా గారు 1946లో పని నుండి విశ్రమించిరి. 1947లో పురుషులు చేర్చుకొనబడిరి. 1948లో డాక్టరు హిల్డా లాజరస్ గారు ఆ సంస్థకు అధిపతియైరి. ఆమె మన విశాఖపట్నములో పుట్టిన తెలుగుదేశపు బిడ్డ. ఆ స్థానము వహించిన మొదటి భారతీయురాలు. వంటవాని భార్యను నర్సుగా చేసికొని ప్రారంభించిన పని, అర్ధ శతాబ్దము నిండకముందే ఈ దేశపు స్త్రీ చేతికి వచ్చెను. ఐడా గారు పక్కకు తొలగి, చేయి అడ్డము పెట్టక చూచుచుండిరి. మన సంఘములలో పెద్దరికము విడిచిపెట్టుట ఎంత కష్టమో చూచినవారు దీనిని కూడ ఆమె ఘనకార్యములలో చేర్చుకొందురు.

మంచి వైద్యమునకును తక్కువ ఖర్చునకును పొత్తు కుదురునా అని అడుగువారికి ఒక సంగతి. 1946లో వేలూరుకు వచ్చిన డాక్టరు పాల్ బ్రాండ్ గారు, కుష్ఠు వలన వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో తిన్నగా చేయుట 1948 ప్రాంతమున ప్రారంభించిరి. అంతకు ముందు లోకములో ఎవరును ఆ రోగులపై అట్టి శ్రమ పెట్టలేదు. చాల నేర్పు కావలసిన పని అది, వైద్యులలో కడు నేర్పరులు చేయవలసినది. రోగులో, ఊరి వెలుపల భిక్షమెత్తువారు. చేతులు బాగైన పిమ్మట వారికి బ్రదుకు తెరువు నేర్పుటకు బాగాయములో ఒక చిన్న ఊరు కట్టిరి. అక్కడ మట్టి గోడల గుడిసెలే గాని బంగళాలు లేవు. వారు తిరిగి పోవలసినది పల్లె గుడిసెలకే గనుక అక్కడి జీవితమునకే అలవాటు పడవలెనని ఉద్దేశము. శస్త్రచికిత్స గదిలో పైసా తగ్గింపలేదు, నివాసములో రూపాయి వృథా చేయలేదు. చెట్టు క్రింది వైద్యములో ఐడా గారు చూపిన తెలివి ఇదే.

మన జిల్లాలకును ఇట్టి చరిత్ర లేకపోలేదు. నాగర్‌కర్నూలులోను శంషాబాదులోను రోగుల సేవ చేసి 1945లో ఈ నేలమీదనే కన్నుమూసిన మెన్నోనైట్ బ్రదరెన్ డాక్టరమ్మ కాథరీన షెల్లెన్‌బర్గు గారిని గూర్చి తాతలు చెప్పగా విన్న కుటుంబములు కలవు. జడ్చర్ల మిషన్ ఆసుపత్రి సంగతి ఎల్లరకు తెలిసినదే. విదేశపు చందాలు ఆగిన పిమ్మట మిషన్ ఆసుపత్రులు అనేకచోట్ల చిక్కిపోయెను. ఫీజు పెంచిన బీదవాడు రాడు, పెంచనియెడల డాక్టరు నిలువడు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది మొదలు ప్రభుత్వమే కొన్ని పెద్ద చికిత్సల వెల చెల్లించుచున్నది. అది గొప్ప మేలు. అయినను దారి ఖర్చు, తోడు పోయినవాని కూలి, తరువాతి నెలల మందులు ఇంటివారి మీదనే పడుచున్నవి. పూటకూళ్లవాని ప్రశ్న పోలేదు.

నేటికిని మన పాలమూరు నుండి రోగులు కాట్పాడికి రైలెక్కి వేలూరు పోవుచునే యున్నారు. అక్కడ ప్రత్యేకపు గదులలో ఉండగలవారి సొమ్ము, సాధారణపు వార్డులోని బీదవాని కొరకు కొంత వాడబడుచున్నది. సంఘములు పంపిన విద్యార్థులు చదువు ముగిసిన పిమ్మట తమను పంపిన మిషన్ ఆసుపత్రులలో కొన్నియేండ్లు పని చేయవలెనని ఒడంబడిక కలదు. 1982లో వేలూరు పట్టణపు బీదల కొరకే తక్కువ ఖర్చుతో నడచు ఒక ప్రత్యేక విభాగము తెరచిరి. అక్కడ అక్కరలేని పరీక్షలు వ్రాయరు, అక్కరైనది మానరు. ఏది అక్కర, ఏది అక్కర లేదు అని తెలిసికొనుటకు మరింత చదివిన వైద్యుడు కావలెను గాని తక్కువ చదివినవాడు చాలడు. ఇది వేలూరువారు అనుభవముతో నేర్చినది.

ఐడా స్కడ్డరు గారు విశ్రమించిన తరువాత కొడైకెనాలులో నివసించుచు, అప్పుడప్పుడు వేలూరు వచ్చి పోవుచు, 1960 మే నెలలో తమ 89వ యేట ప్రభువు సన్నిధికి చేరిరి. ఆమె బండి ఆగిన గుడియాత్తము త్రోవలో కె.వి. కుప్పమను ఊరు కలదు. 1977లో ఆ కళాశాలవారు అక్కడ పల్లెల ఆరోగ్యము కొరకు ఒక కేంద్రమును స్థాపించిరి. అది నేటికిని పని చేయుచున్నది.